శకుంతల అన్న పేరు దుష్యంతుడిది కాదు

మా తమ్ముడికి కూతురు పుట్టింది. పాపకి శకుంతల అని పేరు పెడదామనుకుంటున్నామని మరదలు మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో రాసింది. సాయంత్రానికల్లా గ్రూపు నిండిపోయింది. చిన్నవాళ్లు 'అబ్బ, ఎంత రొమాంటిక్ పేరో' అని ఎర్ర గుండె బొమ్మలు పెట్టారు. మా ఈడువాళ్లు 'మరీ పాత పేరు కదా' అన్నారు. మరదలి వాళ్లమ్మగారు మాత్రం గ్రూపులో ఏమీ రాయలేదు. రాత్రి భోజనాలయ్యాక నాకు ఫోన్ చేశారు.

"మేనత్తవి, నువ్వు చెబితే వింటారమ్మా. మొగుడు మరిచిపోయిన ఆడదాని పేరు పసిగుడ్డుకి ఎందుకు?" అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

మా ఇళ్లలో బారసాలనాడు బిడ్డను ఉయ్యాలలో వేసి మొదటిసారి పేరు పెట్టి పిలిచేది మేనత్తే. అంటే నలుగురిలో ఆ పేరు ముందుగా నా నోటితోనే రావాలి. అందుకే ఆవిడ మాటను తీసిపారేయలేకపోయాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకూ గుండెలో ఏదో గుచ్చుకుంది. మరుసటి రోజు నుంచి భారతం, కాళిదాసు మళ్లీ తీసి చదివాను. చదివినకొద్దీ ఒక సంగతి నాకు గట్టిగా అనిపించింది. గుండె బొమ్మలు పెట్టినవాళ్లూ, భయపడినావిడా ఇద్దరూ ఆ పేరును దుష్యంతుడి వైపు నుంచే వింటున్నారు. ఆ పేరు అతనిది కాదు. అతను అడవికి వేటకు రావడానికి చాలా ఏళ్ల ముందే పుట్టిన పేరు అది.

పేరు ముందు, ప్రేమ తర్వాత

ఆదిపర్వంలో ఆ పేరు ఎలా వచ్చిందో స్పష్టంగా ఉంది. మేనక బిడ్డను మాలినీ నది ఒడ్డున వదిలి వెళ్లిపోయింది. క్రూరమృగాలు తిరిగే అడవి. పక్షులు ఆ పసికందు చుట్టూ మూగి, ఏ జంతువూ దగ్గరకు రాకుండా కాచాయి. స్నానానికి ఏటికి వచ్చిన కణ్వుడు, పిట్టల మధ్య పడుకుని ఉన్న బిడ్డను చూసి ఇంటికి తెచ్చుకున్నాడు. శకుంతాలంటే పక్షులు. జనం లేని అడవిలో శకుంతాలు కాపాడాయి కాబట్టి శకుంతల అని పేరు పెట్టానని కణ్వుడే చెబుతాడు.

అక్కడే ఇంకో మాట కూడా ఉంది. శరీరాన్ని ఇచ్చినవాడు, ప్రాణం కాపాడినవాడు, ఎవరి అన్నం తిని పెరిగామో ఆయన, ఈ ముగ్గురూ ధర్మం ప్రకారం తండ్రులేనట. కన్నవాళ్లు ఒకరు, కాచింది పక్షులు, పెంచింది కణ్వుడు. పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ పెంచిన తండ్రి కన్నవాళ్లను తలుచుకోలేదు, తన పేరూ కలపలేదు. తన కంటే ముందు ఆ బిడ్డను చూసుకున్నవాళ్లు ఎవరో గుర్తుపెట్టుకుని వాళ్ల పేరు పెట్టాడు. బిడ్డకి పేరు పెట్టడంలో ఇంతకంటే పెద్ద మనసు నేను ఎక్కడా చదవలేదు.

మన పురాణ కథల్లో ఆడవాళ్ల పేర్లు చాలావరకు తండ్రి నుంచో ఊరి నుంచో వచ్చినవి. ద్రుపదుడి కూతురు ద్రౌపది, పాంచాల దేశపు పిల్ల పాంచాలి, జనకుడి కూతురు జానకి, విదేహ రాజ్యం నుంచి వైదేహి. ఇవన్నీ ఎవరి బిడ్డో, ఏ దేశానిదో చెప్పే పేర్లు. శకుంతల అన్న పేరు అలాంటిది కాదు. బిడ్డ మీద హక్కు ఎవరిదో అది చెప్పదు. కష్టంలో తోడున్నది ఎవరో చెబుతుంది.

శకునపక్షి అన్న మాట

వాళ్లమ్మగారి రెండో అభ్యంతరం వారం తర్వాత వచ్చింది. ఎవరో చెప్పారట, శకుంతలలో శకుని ఉన్నాడని. ఇది విని నేను కొట్టిపారేయలేదు, ఎందుకంటే అందులో నిజం ఉంది. అమరకోశంలో పక్షి పర్యాయపదాలు చెప్పే చోట శకుని, శకుంత, శకున మూడూ ఒకే పాదంలో పక్కపక్కనే వస్తాయి. మూడింటికీ పిట్ట అనే అర్థం. పక్షులు ఎటు ఎగిరాయి, ఎలా కూశాయి అని చూసి మంచిచెడ్డలు చెప్పడం నుంచే శకునం అన్న మాటకి ఇప్పుడు మనం వాడే అర్థం వచ్చింది. మంచి పని మొదలుపెట్టగానే అపశకునం మాటలు మాట్లాడేవాళ్లను మనం శకునపక్షి అంటాం. ఆలోచిస్తే అది పక్షి అన్న మాటని రెండుసార్లు అన్నట్టే.

గాంధార రాజు పేరు శకుని కావడం వల్ల పిట్టకి చెడ్డపేరు రాదు కదా. ఒకే మాట నుంచి ఒక పాచికల మాయగాడి పేరూ, ఒక అడవిపిల్ల పేరూ వచ్చాయి. ఆ ఇద్దరిలో మాటతో ఎదుటివాడిని మోసం చేసింది ఒకరు, మాటకోసం నిలబడింది ఇంకొకరు. మాట దగ్గర వాళ్ల దారులు విడిపోయాయి. ఈ సంగతి ఆవిడకి చెప్పాను. "నీతో మాట్లాడితే నా భయం నాకే చిన్నదిగా కనిపిస్తుంది, కానీ పోదు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. భయం వ్యుత్పత్తి చెబితే పోయేది కాదు.

మా అత్త

మా మేనత్త పేరు కూడా శకుంతల. తమ్ముడు ఆవిడ పేరు నిలబెడుతున్నాడని మొదట నేను అనుకున్నాను. ఆ పేరుతో ఒక మనిషి బతికిన బతుకంతా దగ్గర నుంచి చూశాను కాబట్టి ఆవిడ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

అత్త పెళ్లిలో అందరూ 'ఉంగరం జాగ్రత్తమ్మోయ్' అని ఏడిపించారట. పెళ్లికి ఎవరో రవివర్మ బొమ్మ ఫ్రేము కట్టించి ఇచ్చారు, కాలిలో ముల్లు తీసుకుంటున్నట్టు నటిస్తూ వెనక్కి తిరిగి చూసే శకుంతల బొమ్మ. అది వాళ్ల ముందు గదిలో నా చిన్నప్పుడంతా ఉండేది. వచ్చినవాళ్లు బొమ్మనూ అత్తనూ మార్చి మార్చి చూసి నవ్వేవాళ్లు. అంటే ఆ పేరు ప్రణయానికి గుర్తు అని ఆవిడకి లోకం జీవితమంతా చెబుతూనే ఉంది.

కానీ ఆ పేరు మావయ్య నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ తరంలో చాలామంది మగవాళ్లలాగే ఆయన 'ఇదిగో', 'ఏమోయ్' అనే పిలిచేవాడు. మంచి మనిషి, అత్తని బాగా చూసుకున్నాడు, అందులో లోటు లేదు. అయినా నలభై ఏళ్ల పైన సాగిన కాపురంలో ఆ పేరు భర్త గొంతులో పలకలేదు. మరి ఎవరు పిలిచారు? వాళ్లమ్మ పిలిచింది, మా తాతయ్య పిలిచాడు, మా నాన్న 'శకుంతలా' అని వీధి చివరి నుంచే కేకేస్తూ వచ్చేవాడు. బడిలో చదువుకున్న స్నేహితురాళ్లు 'శకూ' అనేవాళ్లు. ఆవిడను పెంచినవాళ్లు, ఆవిడతో పెరిగినవాళ్లు. ఈ వారాల్లో ఇది గుర్తొచ్చాక నా అభిప్రాయానికి అమరకోశం కంటే పెద్ద ఆధారం దొరికినట్టనిపించింది.

ఇంకో సంగతి. అత్త హైస్కూల్లో చదివేటప్పుడు తెలుగు మాస్టారు, పేరు శకుంతల కాబట్టి నీకు ఈ పద్యం రాకపోతే ఎలా అని, నన్నయ గారి 'నుతజలపూరితంబులగు' ఆవిడచేత కంఠతా పట్టించారు. నూరు మంచినీళ్ల నూతుల కంటే ఒక బావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు మేలు, అలాంటి నూరుమంది కొడుకుల కంటే ఒక నిజమైన మాట మేలు. నిండు సభలో, నువ్వెవరో నాకు తెలియదన్న భర్త ముఖం మీద శకుంతల చెప్పిన పద్యం అది. అబద్ధమాడుతున్న ఆ మనిషిని పద్యంలో ఆమె 'సూనృతవ్రతా' అని పిలుస్తుంది, అంటే సత్యమే వ్రతంగా గలవాడా అని. ఆ పిలుపులో ఎంత పదునుందో అత్తే నాకు విడమరిచి చెప్పింది.

ఒకసారి మా దగ్గరి చుట్టం ఒకాయన అత్త దగ్గర చేబదులు తీసుకుని, కాగితం లేదు కదా అని, తీసుకోలేదని అనేశాడు. అత్త వాళ్లింటికి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను, అప్పుడు నాకు పదేళ్లుంటాయి. అరవలేదు, ఏడవలేదు. గుమ్మంలో నిలబడి పద్యం మొత్తం చదివి, 'ఇక నీ ఇష్టం అన్నయ్యా' అని తిరిగి వచ్చేసింది. డబ్బు వచ్చిందో లేదో నాకు గుర్తులేదు. ఆయన తలుపు దగ్గర బొమ్మలా నిలబడిపోవడం మాత్రం గుర్తుంది.

అత్తకి ఆ పేరు ఇచ్చింది ఆ పద్యం. ముందు గదిలో ముల్లు తీసుకునే బొమ్మ కాదు.

ఉంగరం మీద ఎవరి పేరు

ఇక్కడ నాకు నేనే ఒక ప్రశ్న వేసుకోవాల్సి వచ్చింది. పేరు నిఘంటువులో బతకదు, మనుషుల జ్ఞాపకంలో బతుకుతుంది. శకుంతల అనగానే ఎవరికైనా పిట్టలు గుర్తొస్తాయా? దుష్యంతుడు, ఉంగరం, శాపం, చేప, ఇవే కదా. 1789లో విలియం జోన్స్ కాళిదాసు నాటకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాక యూరప్ అంతా మెచ్చుకున్నది కూడా ఆ ప్రేమకథనే. మన పినవీరభద్రుడు పదిహేనో శతాబ్దంలో కావ్యం రాస్తే దాని పేరులోనే శృంగారం ఉంది. ఇన్ని వందల ఏళ్లుగా అంటుకున్న రంగుని నేను ఒక్క వ్యుత్పత్తి పట్టుకుని కడిగేస్తానంటే కుదురుతుందా?

ఈ సందేహంతోనే కాళిదాసు నాటకం మళ్లీ తెరిచాను. అందులో ఇంతకుముందు నేను చూసీ చూడకుండా దాటేసిన రెండు చోట్లు కనిపించాయి.

మొదటిది ఉంగరం. భారతంలో ఉంగరమూ లేదు, దుర్వాసుడి శాపమూ లేదు. అక్కడ రాజు గుర్తుండే కాదంటాడు, చివరికి ఆకాశవాణి చెబితే ఒప్పుకుంటాడు. ఉంగరం, మరపు కాళిదాసు అల్లినవి. ఆ ఉంగరం మీద చెక్కి ఉన్నది దుష్యంతుడి పేరు. రోజుకో అక్షరం లెక్కపెట్టు, అక్షరాలు అయిపోయేసరికి నిన్ను తీసుకెళ్లడానికి మనుషులు వస్తారని చెప్పి వెళ్లాడు. ఎన్ని అక్షరాలు? మూడు. ఆ మూడూ అయిపోయాయి, ఎవరూ రాలేదు. ప్రేమకి గుర్తని మనం చెప్పుకునే వస్తువు మీద ఉన్నది అతని పేరు. అది నీళ్లలో జారిపోయింది, చేప మింగింది, జాలరి చేతికి చిక్కింది. పోయేదీ దొరికేదీ అదే. ఆమె పేరు ఏ వస్తువు మీదా లేదు కాబట్టి పోలేదు.

రెండోది ఏడో అంకం. నాకు ఈ నాటకంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇప్పుడు ఇదే. పిల్లవాడు సింహం పిల్లని పట్టుకుని, నోరు తెరు, పళ్లు లెక్కపెడతానని లాగుతుంటాడు. వాణ్ని మరిపించడానికి ఆశ్రమంలో ఉండే ఆవిడ రంగులు వేసిన మట్టి నెమలిని తెచ్చి, ఈ శకుంత లావణ్యం చూడు అంటుంది, అంటే ఈ పక్షి అందం చూడమని. పిల్లవాడి చెవిలో ఆ రెండు మాటలూ కలిసిపోయి శకుంతల అని వినిపిస్తుంది. వెంటనే చుట్టూ చూసి, మా అమ్మ ఏదీ అంటాడు. పక్కనే నిలబడిన దుష్యంతుడికి ఆ పిల్లవాడి తల్లి పేరు అలా తెలుస్తుంది.

చూడండి, ఉంగరం గుర్తు చేసింది రాజుకి. కొడుక్కి తల్లిని గుర్తు చేసింది ఒక మట్టి పిట్ట. అడవిలో పక్షులతో మొదలైన పేరు చివర్లో మళ్లీ పక్షి దగ్గరికే వచ్చింది. ఇది యాదృచ్ఛికంగా జరిగిందని నేను నమ్మను. ప్రేమకథ రాస్తూ కూడా కాళిదాసు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోలేదు, మరిచిపోయింది మనం. కాబట్టి పిట్టల్ని గుర్తుచేసుకోవాలంటే ప్రేమకథని పక్కన పెట్టాల్సిన పని లేదు, కథని చివరిదాకా చదివితే చాలు.

మిగతా అభ్యంతరాల గురించి ఎక్కువ చెప్పను. పాత పేరు అంటారా, ఇప్పుడు పెడుతున్న రెండక్షరాల పేర్లకి ఇంకో ఇరవై ఏళ్లలో అదే మాట వస్తుంది. పలకడం కష్టం అంటే కొంత నిజమే, సగం మంది సకుంతల అంటారు. ఇంగ్లీషులో నాలుగైదు స్పెల్లింగులు ఉన్నాయి, అందుకే బర్త్ సర్టిఫికెట్‌లో ఏది రాస్తారో అదే అన్నిచోట్లా రాయించమని తమ్ముడికి గట్టిగా చెప్పాను. నక్షత్రం శతభిషం, అక్షరాలు గో, సా, సీ, సూ. సా బదులు శ పెట్టవచ్చని పంతులుగారు ఒప్పుకున్నారు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లంతా ప్రేమ కోసం కుమిలిపోయారా అని అడిగినవాళ్లకి శకుంతలాదేవిని చూపించాను. 1980లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో రెండు పదమూడంకెల సంఖ్యలను 28 సెకన్లలో మనసులోనే హెచ్చవేసి జవాబు చెప్పిన మనిషి. ఆవిడ పేరు వింటే ఎవరికీ దుష్యంతుడు గుర్తురాడు.

తల్లి వదిలేసిన బిడ్డ

కానీ ఒక అభ్యంతరం దగ్గర నేను ఆగిపోయాను. అది ఎవరూ నాతో అనలేదు, నాకే తట్టింది. పిట్టలు కాచాయి అని మురిసిపోతున్నాను సరే, పిట్టలు కాయాల్సిన అవసరం ఎందుకొచ్చింది? తల్లి వదిలేసి వెళ్లిపోయింది కాబట్టి. మొగుడు మరిచిపోయిన కథ పేరులో లేదని నేను వాదించగలను. తల్లి వదిలేసిన కథ మాత్రం ఆ పేరులోనే ఉంది. పక్షులు అన్న మాట వెనకే మేనక ఉంది. ఎంతో కోరుకుని కన్న బిడ్డకి ఆ పేరు ఎలా పెడతాం? రేపు ఆ పిల్ల పెద్దదై అర్థం అడిగితే ఏం చెబుతాం?

రెండు రోజులు నాలో నేనే మథనపడి, చివరికి మరదలినే అడిగాను. మా అత్త పేరనేనా నువ్వు ఎంచుకున్నది అని.

"అత్తయ్యగారి పేరని మీ తమ్ముడికి ఇష్టం వదినా. నాకు వేరే కారణం ఉంది" అంది.

పాప ముప్ఫై రెండో వారంలోనే పుట్టింది. కిలో ఆరువందల గ్రాములు. పుట్టగానే ఎన్‌ఐసీయూలోకి తీసుకెళ్లిపోయారు. మరదలికి బీపీ ఎక్కువై ఆమెను వేరే వార్డులో ఉంచారు. మొదటి ఐదు రోజులు తల్లి బిడ్డ ముఖం ఫోన్‌లో ఫోటోగానే చూసింది. పాప అక్కడ మొత్తం పంతొమ్మిది రోజులు ఉంది. ఈ పంతొమ్మిది రోజుల గురించి మాకు తెలుసు, మేమూ ఆ వరండాలోనే టెన్షన్‌తో కూర్చున్నాం. కానీ మరదలు చెప్పిన సంగతులు నాకు తెలియవు. రాత్రి డ్యూటీ నర్సు పాప తూకం పది గ్రాములు పెరిగితే తనే నడుచుకుంటూ తల్లి వార్డుకి వచ్చి చెప్పి వెళ్లేదట. ఇంకో అమ్మాయి, పిండి పంపిన పాలు గొట్టం ద్వారా పడుతూ, మీ అమ్మ పంపిందే అని పాపకి ప్రతిసారీ చెప్పేదట. గుడ్డలు మార్చే ఆయమ్మ, డ్యూటీ అయిపోయినా, ఆ అద్దాల పెట్టె దగ్గర కాసేపు నిలబడి వెళ్లేదట.

"నేను లేను వదినా అక్కడ. నా బిడ్డ దగ్గర నేను లేను. వాళ్లు ఉన్నారు. వాళ్లందరి పేర్లూ పెట్టలేను కదా" అంది.

నాకు మాట రాలేదు. నేను మేనక దగ్గర ఆగిపోయాను. ఈ పిల్ల మేనక తప్పేమిటి అని అడగలేదు, తను లేనప్పుడు ఎవరున్నారో వాళ్లను చూసింది. కణ్వుడు చూసినట్టే. తల్లి పక్కన లేకపోవడానికి వదిలేయడం ఒక్కటే కారణం కాదు, జబ్బు ఉంటుంది, దూరం ఉంటుంది, పని ఉంటుంది. అలాంటప్పుడు కాచే చేతులు ఎవరివో గుర్తుంచుకునే పేరు ఇంకోటి ఉందా అని ఎంత వెతికినా నాకు తట్టలేదు. రేపు పాప అర్థం అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు నాకు తెలుసు. మేనకను దాచకుండానే చెబుతాను.

బారసాల మూడో నెలలో చేశాం. పళ్లెంలో బియ్యం పోసి, తమ్ముడు తన పెళ్లి ఉంగరంతో పేరు రాశాడు. 'కుం' దగ్గర సున్నా కొంచెం పెద్దదై గింజలు పళ్లెం అంచు దాటి కింద పడ్డాయి. పాపను ఉయ్యాలలో వేసి, అందరికీ వినపడేలా మూడుసార్లు పిలిచాను. స్పష్టంగా, శ అనే పలికాను. రాత్రి డ్యూటీ నర్సు అమ్మాయి సెలవు పెట్టుకుని వచ్చింది. పేరుకి అర్థం మరదలే ఆమెకి చెప్పింది. ఆ అమ్మాయి చాలాసేపు ఉయ్యాల తాడు వదల్లేదు.

వాళ్ల అమ్మమ్మగారు ఆ రోజు అన్ని పనులూ దగ్గరుండి చేయించారు. కానీ పేరు మాత్రం పలకలేదు. ఇప్పటికీ పలకడం లేదు, నేనూ అడగలేదు. నిన్న వీడియో కాల్‌లో చూశాను, పాపను భుజాన వేసుకుని జోకొడుతున్నారు. "పడుకో నా పిట్టా, పడుకో" అంటున్నారు.